రూబీ భాషను ఇంట నెలకొల్పుకొను విధము



ఈ దినమున నేను ముచ్చటింపదలచినది కంప్యూటరు యంత్రమునకు పని చెప్పుటకై ఏర్పడిన ఒక భాషను గూర్చి. ఆ భాష పేరు రూబీ. దానిని మీ యింటనున్న యంత్రమున ఎట్లు నెలకొల్పుకొనవలెనో, నెలకొల్పిన పిమ్మట మొదటి దినమున ఏమి చేసి చూడవలెనో చెప్పెదను. "ఈ వయస్సున మాకీ గొడవ యెందులకు? మనుమలు చూచుకొందురు" అని మీలో కొందరనుకొనవచ్చును. కాని ఊరిలో నోటు బాకీ మీద తగవు వచ్చినపుడు అరుగు మీదికి పిలుచునది మనుమలను కాదు, మిమ్మునే.

అట్టి తగవు నొకదానిని తీసికొందము. అసలు 10,000 రూపాయలు. వడ్డీ నూటికి నెలకు 2 రూపాయలు. గడచినది మూడు సంవత్సరములు. బారువడ్డీ కట్టినచో 7,200 రూపాయలగును. ఏడాదికొకసారి వడ్డీని అసలులో కలిపి చక్రవడ్డీ కట్టినచో 9,066 రూపాయల 24 పైసలగును. నెలనెలకును కలుపుచు పోయినచో 10,398 రూపాయల 87 పైసలు. అనగా వడ్డీయే అసలును మించిపోవును. నోటు ఒక్కటే, ధర ఒక్కటే, గడువు ఒక్కటే. జవాబులు మాత్రము మూడు. పూర్వము ఈ లెక్కను కరణముగారు కాగితము మీద వేయుచుండగా చుట్టునున్నవారు కన్నులార చూచెడివారు. ఇప్పుడు పట్టణమునుండి అచ్చు వేసిన కాగిత మొకటి వచ్చును. దానిపై మొత్తము మాత్రమే యుండును; ఏ మార్గమున ఆ మొత్తము వచ్చినదో యుండదు. అచ్చుపడిన అంకెకు ఎదురు చెప్పుటకు ఎంతటివారికైనను కొంత జంకు కలుగుట సహజము.

చేతిలో ఇమిడెడు కాల్క్యులేటరు ఉన్నది కదా యందురేమో. అది జవాబు చెప్పును గాని మీరు ఏ వరుసను లెక్క వేసితిరో పదుగురికి చూపజాలదు. భాషయైనచో లెక్క వేసిన విధమంతయు వ్రాతలో నిలుచును. ఇచ్చినవానికిని, పుచ్చుకొన్నవానికిని ఆ వ్రాతను చూపి, "ఇదిగో, ఈ చోట మీరు నెలనెలకు కలిపినారు, నోటులో ఏడాదికి కలుపవలెనని యున్నది" అని వ్రేలు పెట్టి చూపవచ్చును. పెద్దలైన మీకు ఈ విద్య వలన కలుగు ముఖ్య ప్రయోజనము ఇదియేయని నా అభిప్రాయము. తక్కిన ప్రయోజనములు మనుమలకు విడిచిపెట్టుదము.

ఇట్టి భాషలు లోకమున వందలకొలది కలవు. వానిలో రూబీనే యేల యెన్నుకొంటి నందురా? దాని చరిత్ర కొంచెము చెప్పిన తెలియును. దీనిని నిర్మించినవాడు జపాను దేశమునకు చెందిన యుకిహిరో మత్సుమోతో. 1993 ఫిబ్రవరి 24వ తేదీన ఆయనయు, ఆయన స్నేహితుడు కేయిజు ఇషిత్సుకాయు మాటలాడుకొనుచు దీనికి పేరు నిశ్చయించిరి. అప్పటికి ఆ భాష నిమిత్తము ఒక్క పంక్తియు వ్రాయబడలేదు. బిడ్డ పుట్టకమునుపే బారసాల జరిగినట్లయినది. అప్పటికి పెర్లు అను మరియొక భాష ప్రసిద్ధి కెక్కి యుండెను. 1987లో లారీ వాల్ అను అమెరికా వాసి దానిని వెలువరించెను. ఉచ్చారణలో ఆ పేరు ముత్యమునకు ఇంగ్లీషు పేరే. దానికి తోడుగా మరియొక రత్నము పేరు పెట్టవలెనని ఈ మిత్రు లిరువురు తలచిరి. పగడమా, కెంపా అని కొంత తర్కించి, తుదకు కెంపునే యెన్నుకొనిరి. రూబీ యనగా కెంపు. మన నవరత్నములలో మూడింటి పేర్లు ఈ విధముగా ఒక కంప్యూటరు భాష నామకరణములో చేరుట నాకు వేడుకగా తోచును.

1995 డిసెంబరు 21న ఈ భాష మొదటిసారి పదుగురి చేతికి వచ్చెను. ఆరంభమున దీనిని గూర్చిన వ్రాతలు చాలవరకు జపానీయుల భాషలోనే యుండెను. 2000 సంవత్సరమున డేవ్ థామస్, ఆండీ హంట్ అనువారు ఇంగ్లీషున పెద్ద గ్రంథము వ్రాసిన పిమ్మటనే తక్కిన దేశములవారు దీనిని విరివిగా నేర్చుకొనసాగిరి. 2004లో డెన్మార్కు దేశస్థుడు డేవిడ్ హైనెమైయర్ హాన్సన్ దీని ఆధారముగా రెయిల్సు అను సాధనమును వెలువరింపగా, రూబీ పేరు లోకమంతట ప్రాకెను. 2012లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థవారు దీనిని ప్రమాణభాషగా నంగీకరించిరి. మత్సుమోతో నివాసము టోక్యోవంటి మహానగరము కాదు. షిమానే అను జిల్లాలోని మత్సుయే యను చిన్న పట్టణము. జనసంఖ్యలో జపానునందలి కడపటి జిల్లాలలో షిమానే యొకటి. అట్టి మారుమూల పట్టణమువారు 2006 మొదలుకొని తమ యూరిని రూబీ నగరమని చెప్పుకొనుచున్నారు. ఇంగ్లీషు మాతృభాష కానివాడు, రాజధానికి దూరముగా నుండువాడు చేసిన వస్తువును లోకమంతయు వాడుచున్నదని ఇందువలన తెలియుచున్నది.

మత్సుమోతో పెట్టుకొన్న నియమ మొకటి గలదు. యంత్రమునకు సుఖము కలిగించుటకు కాదు, వ్రాయు మనుష్యునకు సంతోషము కలిగించుటకే భాష యుండవలెనని ఆయన పలుమారు చెప్పియున్నాడు. అందుచేత రూబీలో వ్రాసినది చదువుటకు తేలిక. క్రొత్తవారికి, అందును పెద్దవారికి, చదువుట వ్రాయుటకంటె ముందు రావలెను.

ఇక విషయమునకు వత్తము. యంత్రమునకు తెలిసినది విద్యుత్తు ఉన్నదా లేదా అను రెండే మాటలు. మనము వ్రాసినది దానికి అర్థము కాదు. కుంపిణీవారి కాలమున దొరలకును మనవారికిని నడుమ దుబాసీలుండెడివారని మీ రెరుగుదురు. అట్లే మన వ్రాతకును యంత్రమునకును నడుమ ఒక దుబాసీ కావలెను. కొన్ని భాషలలో గ్రంథమంతయు ముందుగా యంత్రభాషలోనికి మార్చి బైండు చేయించి, పిమ్మట దానిని నడిపింతురు. స్క్రిప్టింగు భాష లనబడు వానిలో నట్లు కాదు. మీరు వ్రాసి యిచ్చినదానిని దుబాసీ అప్పటికప్పుడే చదివి యంత్రముచేత పని చేయించును. రూబీ ఈ రెండవ తెగకు చెందినది. రూబీని నెలకొల్పుట యనగా ఈ దుబాసీని ఇంటికి పిలిపించి ఒక గది యిచ్చుటయే.

రూబీని ఆబ్జెక్టుల భాష యనియు అందురు. ఆబ్జెక్టనగా వస్తువు. ఈ మాటకు పుస్తకములలో గంభీరములైన నిర్వచనములు కలవు గాని మనకవి యక్కర లేదు. పాత పద్ధతిలో అంకెలు ఒకచోట రాశిగా నుండును, వానిపై జరుగు పనులు వేరొకచోట నుండును. ఏ పనిని దేనిపై చేయవచ్చునో వ్రాయువాడే జ్ఞాపకముంచుకొనవలెను. 1960 తరువాత నార్వే దేశమున డాల్, న్యూగార్డ్ అనువారు సిమ్యులా అను భాషలో వేరొక త్రోవ త్రొక్కిరి. 1970 తరువాత కాలిఫోర్నియాలో అలాన్ కే మొదలగువారు స్మాల్‌టాకు అను భాషలో దానిని పరిపూర్ణము గావించిరి. ఆ త్రోవలో ప్రతి వస్తువునకు తన పని తనకే తెలియును. మన మా పనిని చేయము; చేయుమని ఆ వస్తువునే అడుగుదుము. రూబీలో 5 అను అంకెకూడ ఒక వస్తువే. 5 అని వ్రాసి, ప్రక్కన చుక్క పెట్టి, ఈవెన్ అని వ్రాసి ప్రశ్నార్థకము పెట్టినచో, "నీవు సరిసంఖ్యవా?" అని ఐదునే అడిగినట్లు. అది కాదని జవాబు చెప్పును. ఈ చుక్కను "ఓయీ" యను పిలుపుగా భావించినచో రూబీ వ్రాతలో సగము తేటపడును.

ఒకే తరగతి వస్తువులు పెక్కు కావలసినపుడు వానికొక అచ్చు చేసికొందుము. బెల్లపు అచ్చు ఒకటే. దిమ్మలు ఎన్నియైనను వచ్చును. అచ్చును క్లాసు అందురు. ఒక పొదుపు సంఘమువద్ద నలువది నోట్లున్నవనుకొనుడు. నోటునకు అచ్చు నొకటి చేసి, ప్రతి నోటునకును దాని అసలు, ధర, తేదీ వ్రాసియిచ్చి, వడ్డీ కట్టు విధమును అచ్చులో ఒక్కసారి చెప్పినచో చాలును. పిమ్మట ఏ నోటును పట్టుకొని "ఓయీ, నీ వడ్డీ యెంత?" అని అడిగినను అది తన లెక్క తాను చెప్పును. విధానములో పొరపాటున్నచో ఒక్కచోట దిద్దిన నలువదియు దిద్దుకొనును.

ఇప్పుడు నెలకొల్పు విధము. ముందుగా ఒక హెచ్చరిక. రూబీకి వెల లేదు. ఎవ్వరికిని ఒక్క పైసయు ఈయనక్కరలేదు. ఒక పట్టణములో దుకాణదారు డొకడు ఒక విశ్రాంత ఉపాధ్యాయునివద్ద దీనిని ఎక్కించుటకు రెండువేల రూపాయలు పుచ్చుకొనిన సంగతి నాకు తెలియును. శ్రమకు కూలి అడుగుట తప్పు కాదు. కాని ఆ వస్తువునకే వెల యని చెప్పుట మోసము. అట్లే దీనిని నెలకొల్పుటకు బ్యాంకు ఖాతా సంఖ్య గాని, ఫోనునకు వచ్చు రహస్యసంఖ్య గాని ఎన్నడును అవసరము కాదు. ఎవరైన అడిగిరా, ఆ పని అంతటితో నిలిపివేయుడు. రూబీ దొరకు అసలు చోటు రూబీ-ల్యాంగు డాట్ ఆర్గు అను చిరునామా. విండోసు యంత్రము గలవారికి రూబీఇన్‌స్టాలరు డాట్ ఆర్గు అను మరియొక చోటును ఆ చిరునామాలోనే చూపియున్నారు.

మన గ్రామములలో హెచ్చుగా నున్నవి విండోసు యంత్రములు గనుక వానిని గూర్చి కొంచెము విపులముగా చెప్పెదను. ఆ చోట డెవ్‌కిట్ తో కూడినది, డెవ్‌కిట్ లేనిది అని రెండు విధములైన మూటలుండును. డెవ్‌కిట్ అనగా పనిముట్ల పెట్టె. దానితో కూడినదానినే తీసికొనుడు. ఇతరులు చేసియుంచిన అదనపు సామగ్రిని మునుముందు తెచ్చుకొనునపుడు ఆ పెట్టె కావలసివచ్చును. మూట దిగిన పిమ్మట దానిపై రెండుమారులు నొక్కినచో అది ప్రశ్నలడుగును. ఒడంబడికకు సమ్మతించుడు. ఏ గదిలో పెట్టవలెనని యడిగినపుడు అది చూపిన చోటునే యుండనిండు. పేరులో ఖాళీలు గల చోటున పెట్టినచో తరువాత చిక్కులు వచ్చును. అచటనే "పాత్" లో చేర్చవలెనా అను గడి యొకటి యుండును. ఆ గడిలో గురుతు తప్పక యుండవలెను.

ఈ పాత్ అను మాట యొద్దనే క్రొత్తవారు పదుగురిలో చాలమంది నిలిచిపోవుచున్నారు. కావున కొంచెమాగుదము. మీరు రూబీ యని పేరు పెట్టి పిలిచినపుడు యంత్రము ఊరంతయు వెదకదు. దానివద్ద కొన్ని యిండ్ల జాబితా యుండును. తపాలా బంట్రోతు తన వరుసలోనున్న యిండ్లకే పోవునట్లు, అది ఆ జాబితాలోని యిండ్లనే మొదటినుండి వరుసగా తట్టును. ఆ జాబితాకే పాత్ అని పేరు. మీ దుబాసీ యిల్లు జాబితాలో లేకున్నచో, ఆయన ప్రక్కవీధిలోనే కూర్చుండియున్నను, "అట్టివా డెవ్వడును లేడు" అని యంత్రము చెప్పును. అప్పుడు రూబీ చెడిపోయినదని తలచి మరల మరల ఎక్కించువారు కలరు. ఎన్నిమారు లెక్కించినను ఫలము లేదు. జాబితాలో పేరు చేర్చుటయే చికిత్స.

కడపటి పుటలో పనిముట్ల పెట్టెను సిద్ధపరుపవలెనా అని అడుగును. ఔనన్నచో నల్లని గవాక్షమొకటి తెరచుకొని 1, 2, 3 అని మూడు మార్గములు చూపును. ఏమియు వ్రాయక ఎంటర్ మీట నొక్కినచో తనకు తోచిన మార్గమున తానే పోవును. దీనికి కొంత కాలము పట్టును. కాఫీ త్రాగి రావచ్చును.

లినక్సు యంత్రములలో, అందు ఉబుంటు, డెబియను అను తెగలలో, ఇంత తతంగము లేదు. నల్లని గవాక్షమున సుడో, ఆప్ట్, ఇన్‌స్టాల్, రూబీ-ఫుల్ అను నాలుగు మాటలను నడుమ ఖాళీ విడిచి వరుసగా వ్రాసి ఎంటర్ నొక్కిన చాలును. సుడో యనగా యజమానుని అధికారముతో చేయుమని. కావున సంకేతపదము నడుగును. అది వ్రాయునపుడు తెరపై ఒక్క అక్షరమైనను, చుక్కయైనను కనబడకపోవచ్చును. మీట పనిచేయుట లేదని భయపడవలదు. ప్రక్కవారు చూడకుండుటకై చేసిన కట్టుబాటది.

మెకింటాషు యంత్రములలో వేరొక చిక్కు గలదు. వానిలో పెక్కింట రూబీ ముందే యుండును గాని అది చాల పాతది, 2.6 అను కూర్పు. ఆ కూర్పునకు మరమ్మతులు 2022లో ఆగిపోయినవి. అది యంత్రము తన స్వంత పనులకై యుంచుకొన్నది. దానిని కదల్పక, హోంబ్రూ అను సాధనము ద్వారా క్రొత్తదానిని వేరుగా తెచ్చుకొనవలెను. అపుడు ఇంట ఇద్దరు దుబాసీలుందురు. ఇందాక చెప్పిన జాబితాలో ఎవరి యిల్లు ముందున్నదో వారే పలుకుదురు. క్రొత్తవాని యిల్లు ముందుండునట్లు చూచుకొనుడు. ఆండ్రాయిడు ఫోను తప్ప వేరు యంత్రము లేనివారు టెర్మక్సు అను సాధనమున రూబీని నెలకొల్పుకొనవచ్చును. చిన్న తెరపై కన్నులకు శ్రమ. అయినను పని జరుగును.

రూబీ నిజముగా నెలకొన్నదా యని తెలిసికొనుటకు పరీక్ష యొకటి. గవాక్షమును మూసి మరల తెరచి, రూబీ యని ఇంగ్లీషు చిన్న అక్షరములతో వ్రాసి, ఖాళీ విడిచి, అడ్డుగీత పెట్టి, దాని నంటి వి అను అక్షరము వ్రాసి ఎంటర్ నొక్కుడు. కూర్పు సంఖ్యయు, అది వెలువడిన తేదీయు చెప్పును. 2013 మొదలుకొని ప్రతి సంవత్సరమును డిసెంబరు 25 నాడు క్రొత్త కూర్పు వెలువడుట ఆనవాయితీ. మీరు ఆశించిన సంఖ్య కాక వేరొకటి పలికినచో రెండవ దుబాసీ లోపలనున్నాడని అర్థము.

ఇప్పుడు ఐ, ఆర్, బి అను మూడు అక్షరములు వ్రాసి ఎంటర్ నొక్కుడు. దుబాసీ మీ యెదుట వచ్చి కూర్చుండును. మీరొక మాట యన్నచో అతడొక మాట యనును. ఇదియే అభ్యాసమునకు తగిన చోటు. ఇచట ఏమి వ్రాసినను యంత్రమునకు కీడు కలుగునా యని వెరువనక్కరలేదు, లెక్కలతోనే యున్నంతవరకు. 2 అధికము 3 అని వ్రాయుడు, 5 అనును. గుణకారమునకు నక్షత్రపు గుర్తు, భాగహారమునకు ఏటవాలు గీత. పదివేలను 2 చేతను, 36 చేతను గుణించి నూటిచేత భాగించుడు. 7200 అని వచ్చును. అరుగు మీది తగవులోని మొదటి జవాబు వచ్చినది.

ఇచట నిలిచి, మిక్కిలి ప్రమాదకరమైన సంగతి నొకటి వినుడు. వడ్డీ ధర రెండు కాక రెండున్నర యనుకొందము. రెండున్నరను ఐదులో సగముగా వ్రాయుట మనవారికి అలవాటు. కావున మొదట 5 వ్రాసి, 2 చేత భాగించి, దానిని పదివేలచేతను, 36 చేతను గుణించి, నూటిచేత భాగించితిమనుకొనుడు. రావలసినది 9,000 రూపాయలు. రూబీ చెప్పునది 7,200. తప్పెక్కడ జరిగినది? రూబీలో పూర్ణసంఖ్యను పూర్ణసంఖ్యచేత భాగించినచో పూర్ణసంఖ్యయే వచ్చును. మన వీధిబడిలో "ఐదును రెంట భాగింప భాగఫలము రెండు, శేషము ఒకటి" అని చెప్పుచుంటిమి. రూబీ భాగఫలము చెప్పి శేషమును గూర్చి నోరెత్తదు. పదునెనిమిది వందల రూపాయలు ఆ మౌనములో మునిగిపోయినవి. అదే లెక్కను పదివేలతో మొదలుపెట్టి, ముందు గుణకారములన్నియు చేసి తుదకు భాగించినచో సరిగా 9,000 వచ్చును. వరుస మారుటచేత జవాబు మారినది. యంత్రము మాత్రము ఒక్క హెచ్చరికయు చేయలేదు.

చక్రవడ్డీలో ఇంతకంటె వింత జరుగును. ఏడాదికి నూటికి 24 గదా యని 24ను 100 చేత భాగించినచో రూబీ సున్న యనును. ఆ సున్నను ఒకటికి చేర్చి మూడుమారులు గుణించినను ఒకటియే. కావున మూడేండ్ల తరువాతను పదివేలు పదివేలుగానే యుండును. బాకీదారున కింతకంటె శుభవార్త లేదు. చికిత్స సులభము. 100 అని వ్రాయుటకు బదులు చుక్క పెట్టి 100.0 అని వ్రాయుడు. దశాంశమును చూచినంతనే రూబీ భిన్నములను విడువక లెక్కించును. ఘాతమునకు రెండు నక్షత్రములు. ఆ విధముగా వ్రాసి, తుదిఫలమును చుక్కతో పిలిచి రౌండ్ అని, కుండలీకరణములలో 2 వ్రాసినచో, "నీవు రెండు దశాంశములవరకు సవరించుకొనుము" అని ఆ సంఖ్యనే కోరినట్లు. 19066.24 అని వచ్చును.

దశాంశములును నమ్మినబంట్లు కావు. 0.1కి 0.2 కలుపుడు. రూబీ 0.30000000000000004 అని చెప్పును. ఇది రూబీ దోషము కాదు. ఈ యంత్రములు రెండ్ల లెక్కన సంఖ్యలను దాచును గనుక పదవవంతు వానిలో సరిగా ఇమడదు. మూడవవంతును మనము దశాంశములలో వ్రాయబోయి 0.333 అని యెంతదూరము పోయినను ముగియదు కదా, అట్లే. అందుచేత డబ్బు లెక్కలలో తెలిసినవారు రూపాయలను పైసలుగా మార్చి పూర్ణసంఖ్యలతోనే పని గడుపుదురు. పూర్ణసంఖ్యలు ఎంత పెద్దవైనను రూబీ తడబడదు. వంద అంకెల సంఖ్యయైనను ఉన్నదున్నట్లు గుణించును.

మన తెలుగును గూర్చి కొంచెము. రూబీలో సంఖ్యలకు పెట్టుకొను పేర్లు తెలుగు లిపిలో నుండవచ్చును. అసలు, నెలలు, ధర అని తెలుగుననే వ్రాసి, సమానపు గుర్తు పెట్టి, విలువ నీయవచ్చును. పిమ్మట వడ్డీ సమానము అసలు నక్షత్రము ధర నక్షత్రము నెలలు అని వ్రాసి, నూటిచేత భాగింపుమన్నచో, ఇంగ్లీషు రాని బాకీదారుడుకూడ ఆ పంక్తిని చదువగలడు. ఇది చిన్న సంగతి కాదు. అయితే మూడు మినహాయింపులు. తెలుగు అంకెలను రూబీ సంఖ్యలుగా గ్రహింపదు. వానిని ఏదో పేరనుకొని, ఆ పేరు తానెరుగనని చెప్పును. అచ్చులకు, అనగా క్లాసులకు, పెట్టు పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరము వంటి దానితో మొదలు కావలెను. మన లిపిలో పెద్ద అక్షరము, చిన్న అక్షరము అను భేదము లేదు గనుక తెలుగు పేరు అచట చెల్లదు. విండోసు వారి నల్లని గవాక్షమున గుణింతములు చెదరి కనబడుటయు కలదు.

తెలుగు అను మాటకు అక్షరములెన్ని? మూడని మీరు చెప్పుదురు. రూబీనడిగినచో ఆరు అనును. తకారము వేరు, ఎత్వము వేరు. లకారము వేరు, కొమ్ము వేరు. గకారము వేరు, దాని కొమ్ము వేరు. మాటను త్రిప్పి వ్రాయుమన్నచో కొమ్ము ముందుకు వచ్చి, గులెత అని పలుకును. తెలుగు పంతులుగారికి నవ్వు పుట్టును. కాని గ్రాఫీమ్ క్లస్టర్సు అను మాటతో అడిగినచో గుణింతములను విడదీయక మూడే యనును. ప్రశ్నను బట్టియే జవాబు.

దుబాసీ ఒక్కొక్కపుడు ఇంగ్లీషున నాలుగైదు పంక్తులు కోపముగా పలికినట్లు తోచును. అది కోపము కాదు. అందు పంక్తి సంఖ్య యుండును. ఏ పేరు తనకు తెలియలేదో ఉండును. నూటికి తొంబదిపాళ్లు అది మనము వ్రాతలో చేసిన చిన్న తప్పే. పేరు ఒకచోట ఒక విధముగాను, మరియొకచోట వేరు విధముగాను వ్రాసియుందుము.

ఐ-ఆర్-బి నుండి వెలుపలికి వచ్చుటకు ఎగ్జిట్ అని వ్రాయవలెను. వెలుపలికి వచ్చినంతనే మీరు పెట్టిన పేర్లన్నియు మాసిపోవును. మరునాడు మరల అడిగినచో అసలెంతో, నెలలెన్నో దానికి జ్ఞాపకముండదు. లెక్క నిలువవలెనన్నచో దానిని ఫైలుగా వ్రాయవలెను. నోట్‌ప్యాడువంటి సాదా సాధనమున ఆ పంక్తులనే వ్రాసి, వడ్డి అని ఇంగ్లీషున పేరు పెట్టి, చుక్క పెట్టి, ఆర్, బి అను రెండక్షరములు చేర్చి దాచుకొనుడు. నోట్‌ప్యాడు తనంత తాను వెనుక టి-ఎక్స్-టి అని తోక తగిలించును. దాచునప్పుడు రకమను గడిలో అన్ని ఫైళ్లు అనుదానిని ఎన్నుకొన్నచో ఆ తోక యుండదు. పిమ్మట ఆ ఫైలున్న చోటున గవాక్షము తెరచి, రూబీ యని వ్రాసి, ఖాళీ విడిచి, ఫైలు పేరు వ్రాసి ఎంటర్ నొక్కవలెను.

మొదటిసారి నొక్కినపుడు తెరపై ఏమియు రాకపోవచ్చును. ముఖాముఖి కూర్చున్నపుడు దుబాసీ ప్రతి మాటకును బదులు చెప్పును గాని, వ్రాసి యిచ్చిన కాగితమును చదువునపుడు చెప్పుమన్నదే చెప్పును. కావున ఫైలు తుదను పుట్స్ అని వ్రాసి, ఖాళీ విడిచి, వడ్డీ అను పేరు వ్రాసి దాచి, మరల నడిపింపుడు. ఈమారు 7200 అని ఒక పంక్తి వచ్చును. ఆ ఫైలును అచ్చు తీయించి నోటుతో పాటు పెట్టెలో నుంచుకొనవచ్చును. లెక్క అడిగినవారికి రెంటిని కలిపి చూపవచ్చును.